ఉప్పుమూట

ఫారం కారు అరలో ఉంది,
సన్‌స్క్రీన్ డబ్బా కింద, పదకొండు రోజులుగా.
కారణం రాయడానికి వాళ్ళిచ్చిన చోటు
నా బొటనవేలంత.

ఐదున్నరకల్లా నేను బ్యారక్స్ గేటు దాటాలి.
డేకేర్ తలుపు ఆరున్నరకి గానీ తీయరు.
మధ్యలో ఆ గంట
ఆర్మీదీ కాదు, తూలికదీ కాదు.
పక్కింటి మార్లీన్‌ది.
నైట్‌గౌన్‌లోనే వచ్చి, సగం నిద్రలో ఉన్న పిల్లని
నా భుజం మీంచి తన భుజం మీదికి మార్చుకుంటుంది.
ఏమీ అడగదు.
ఆ అడక్కపోవడానికే
మామిడికాలంలో బుట్టెడు పళ్ళిస్తాను.

చొక్కా మీద పేరు పసుపులేటి.
పట్టడం కోసం అక్షరాల్ని చిన్నవి చేసి కుట్టారు.
వర్క్‌షాప్‌లో మాత్రం నేను పాస్‌ని.
"పాస్, ఆ గేర్‌బాక్స్ సంగతి చూడు."
చూస్తాను.
పదమూడు టన్నుల ట్రక్కు బురదలో దిగబడితే
గొలుసెక్కడ కట్టాలో, ఎటు లాగాలో
ఎవరూ చెప్పకుండానే నా చేతులకి తెలుసు.
దీన్ని ఇష్టం అనకపోతే మరేమనాలి?

తూలికకి ఏడో నెలప్పుడు
హై రేంజ్‌లో తొమ్మిది రోజుల ఎక్సర్‌సైజ్.
రెండో రాత్రి, కాపలాలో ఉండగా
గడ్డిలోంచి కర్ల్యూ అరిచింది.
టౌన్స్‌విల్‌లో అందరికీ అలవాటే,
ఆ పిట్ట అచ్చం గుక్కపట్టిన పసిపిల్లలా ఏడుస్తుంది.
పిట్టేనని నాకూ తెలుసు.
కానీ చొక్కా రెండు చోట్ల తడిసిపోయింది,
రైఫిల్ పట్టీ కింద, వెచ్చగా.
పక్కనున్న హాలొరన్, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు,
"చలేస్తోందా పాస్?" అని తన జాకెట్ తీసిచ్చాడు.
వాడికి తెలిసిందో లేదో
ఇప్పటికీ అడగలేదు.

వరదొచ్చిన ఏడు వేరే సంగతి.
వీధిలో నడుములోతు నీళ్ళు,
ఎవరో తండ్రి కిటికీలోంచి కొడుకుని అందించాడు.
వీపున వేసుకుని
"గట్టిగా పట్టుకో, ఉప్పుమూట" అన్నాను,
నోరుజారి, తెలుగులో.
అర్థమైనట్టే వాడు నా మెడ చుట్టూ చేతులు బిగించాడు.
ఉప్పుని నీళ్ళలో మోయకూడదు కదా.
పడవ దాకా అదొక్కటే తలపు.
ఆ రాత్రి ఇంటికెళ్తే
తూలిక నన్ను చూసి మార్లీన్ వెనక దాక్కుంది.
బురద వాసనకే, అంది మార్లీన్.
అంతే అయ్యుంటుంది.

నిన్న మేజర్ విట్‌కూమ్ పిలిచింది.
మంచి మనిషి. కాఫీ కప్పు మీద ఇద్దరు కొడుకుల బొమ్మ,
పాతది, రంగు వెలిసింది.
"డార్విన్‌లో సార్జంట్ పోస్టు. లేదా నీ ఫారం.
ఏదిచ్చినా సంతకం పెడతాను."
డార్విన్‌లో మార్లీన్ ఉండదు.
తూలిక నాన్న ఎలాగూ పెర్త్‌లో,
ఆదివారాలు ఫోన్ తెర మీద ఉంటాడు.
లేవబోతుంటే మెల్లగా అంది,
"నేను ఉండిపోయాను. అదొక్కటే చెప్పగలను."
సంతోషంగానేనా అని అడగలేదు.
ఆమెకీ ఓ బుట్ట మామిడిపళ్ళు బాకీ.

ఇంటికొచ్చేసరికి పిల్ల బ్యాగు సర్దుతోంది.
ఒంటి సాక్సు, టార్చిలైటు, ప్లాస్టిక్ డైనోసార్,
నా పళ్ళ బ్రష్షు.
"ఎక్కడికే?"
"ఫీల్డ్‌కి. తొమ్మిది నిద్రలు."
"మరి నేను?"
బ్యాగు జిప్పు మీంచి తల కూడా ఎత్తలేదు.
"నువ్వు మార్లీన్ దగ్గర ఉండు.
రాత్రి ఏడుపు వినిపిస్తే భయపడకు, సరేనా?
అది పిట్టే."

వీపు మీదెక్కించుకుని పెరడంతా తిప్పాను.
పదిహేడు కిలోలు, నా ప్యాకులో సగం.
ప్యాకు ఎత్తమనీ దించమనీ ఎవరో ఒకరు చెబుతారు.
దీన్ని ఎవరూ దించమనరు,
ఏదో ఒకనాడు అదే దిగిపోతుంది,
ఆటలో పడి, నాకు చెప్పకుండా.

మోకాలు సలుపుతోంది.
ఇంకో రౌండు అంటోంది, డైనోసార్‌తో నా చెవి మీద కొడుతూ.
ఫారానికి శుక్రవారం దాకా గడువు.
మూడు నిద్రలు.